సంచిలో ఏముంది?

బస్సు డిపోలో మరచిపోయిన వస్తువుల కౌంటరు అంటూ ఒకటి ఉంటుందని, ఏదైనా పోగొట్టుకునేదాకా చాలామందికి తెలియదు. టికెట్ల గది దాటి, పాత టైర్లు పేర్చిన వరండా చివరికి వెళితే నీలంరంగు తలుపు కనిపిస్తుంది. లోపల గోడ పొడవునా ఇనప అరలు. వాటి నిండా గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు, కళ్ళజోళ్ళు, ఒక వయొలిన్ పెట్టె, ఒక పెట్టుడు పళ్ళ సెట్టు. ఇన్నిన్ని మరిచిపోయే మనుషులు తమ ఇంటి దారి మాత్రం మరిచిపోకుండా ఎలా చేరుతున్నారో అని ఆ కౌంటరులో కూర్చునే అమ్మాయికి రోజూ ఆశ్చర్యమే.

ఆ అమ్మాయికి పెళ్ళయి యాభై రెండు రోజులైంది. ఎవరూ అడగకపోయినా ఆ లెక్క తనే చెబుతుంది. ఆ యాభై రెండు రోజులుగా ఆమె కంటికి లోకంలో ప్రతిదీ ముద్దుగానే ఉంది. గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉండటం బాగుంది. ఒకే గొడుగు కింద నడిచి ఇద్దరూ చెరో భుజం తడుపుకోవడం బాగుంది. భర్త కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. రోజూ పొద్దున్నే ఆమె కళ్ళజోడు తీసుకుని, నోటి ఆవిరి పట్టి తుడిచి, "ఇప్పుడు చూడు, ఊరంతా కొత్తగా సున్నం వేసినట్టుంటుంది" అంటూ తిరిగి పెడతాడు. అది మరీ బాగుంది.

ఒక్క చిక్కు మాత్రం తీరలేదు. "నన్ను మీరు అనకు, నువ్వు అను" అని అతను మొదటి రోజే చెప్పాడు. సరేనంది కానీ నాలుక మాట వినడం లేదు. వాక్యం "మీరు"తో మొదలై "నువ్వు"తో ముగుస్తోంది. "మీరు అన్నం తిన్నావా?" అని ఆమె అడిగినప్పుడల్లా అతను గది నాలుగు మూలలా చూసి, "ఇద్దరిలో ఎవర్ని అడుగుతున్నావ్?" అంటాడు.

ఇలా సంతోషంగా సాగుతున్న ఒక సోమవారం ఉదయం, పదకొండో నంబరు బస్సు కండక్టరు నీలం తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో బూడిదరంగు గుడ్డసంచి.

"ఇదిగో చెల్లీ, నీకు పెళ్ళి కానుక. ఆలస్యంగా ఇస్తున్నానని ఏమీ అనుకోకు," అంటూ సంచి బల్ల మీద పెట్టింది.

సంచి కదిలింది. కౌంటరు అమ్మాయి కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

"భయపడకు. నేనూ ఎలుకే అనుకుని అరిచా. డ్రైవరన్నయ్య నాకంటే గట్టిగా అరిచాడు. వెనక నుంచి మూడో సీటు కింద ఉంది."

మెల్లగా సంచి మూతి విప్పితే, లోపల మడత పెట్టిన పాత తువ్వాలు, దాని మధ్య ఒక పిల్లిపిల్ల. అరచేతిలో పట్టేంత ఉంది. ఒంటినిండా బూడిద చారలు, ఒక చెవి మాత్రం తెల్లగా ఉంది, తోక చివర చిన్న వంకర. నోరు తెరిచింది గానీ శబ్దం అరక్షణం తర్వాత వచ్చింది.

"అయ్యయ్యో, ఎవరో మరిచిపోయారు అక్కా!"

కండక్టరు నవ్వింది. "పిచ్చిదానా, తువ్వాలు పరిచి, గాలాడేట్టు మూతి సగమే ముడేసి, కాళ్ళు తగలని చోట పెట్టి వెళ్ళారు. మరిచిపోయేవాళ్ళకి ఇంత శ్రద్ధ ఉంటుందా? వదిలేశారు. ఎవరో ఒకరు తీసుకుంటార్లే అని. ఈ ఏడాదిలో నా బస్సులో ఇది మూడోది."

"ముందువి ఏమయ్యాయి?"

"ఒకదాన్ని కాలేజీ పిల్లలు తీసుకెళ్ళారు." కండక్టరు టికెట్ మిషను పట్టీ సర్దుకుంది. "ఇంకోదాని సంగతి అడక్కులే," అని వెళ్ళిపోయింది.

కౌంటరుకి వచ్చిన ప్రతిదాన్నీ రిజిస్టరులో రాయాలి. అందులో రెండే తరగతులు. నిల్వ ఉండేవి ముప్ఫై రోజులు అరలో ఉంచుతారు. పాడైపోయేవి, అంటే కూరగాయలు, పూలు, చేపల్లాంటివి, ఆ సాయంత్రానికల్లా పారేస్తారు. అమ్మాయి పెన్ను పట్టుకుని ఆలోచనలో పడి, పక్కగదిలోని పెద్దసారు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆ విభాగానికి సూపరింటెండెంటు. ఒకే ఉద్యోగంలో, ఒకే కుర్చీ మీద ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చున్న మనిషి.

"సార్, పిల్లిపిల్ల వచ్చింది. ఏ తరగతి కింద రాయను?"

"ఊపిరి తీస్తోందా?"

"తీస్తోంది సార్."

"అయితే పాడైపోయేదే. రాసెయ్."

"రాస్తే సాయంత్రానికి పారెయ్యాలి సార్. రూలు."

పెద్దసారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ రూలు రాసినాయన టమాటాలని మనసులో పెట్టుకుని రాశాడమ్మా. నిల్వ ఉండేవాటిలో రాయి. ముప్ఫై రోజులు. నిల్వ ఉండేట్టు చూసుకోవడం నీ పని."

అలా ఆ పిల్లిపిల్ల నాలుగు వందల పదిహేడో నంబరు వస్తువైంది. ముందు నంబరు ఒక గొడుగు, తర్వాతది ఒక సైకిలు పంపు. "వస్తువు పరిస్థితి" అన్న గడిలో ఏం రాయాలో తోచక ఆమె "ఆకలిగా ఉంది" అని రాసింది. డిపోలో అందరూ దాన్ని పదిహేడు అని పిలవడం మొదలుపెట్టారు.

మంచి మనసుతో చేసే పొరపాట్లు కొన్ని ఉంటాయి. ఆమె క్యాంటీన్ నుంచి పాలు తెప్పించి సాసర్లో పోసింది. పదిహేడు ఆ పాలలో ముందు కాలు పెట్టింది, తర్వాత ముక్కు పెట్టింది, చివరికి ఏవో రెండు చుక్కలు మింగింది. సాయంత్రానికి దాని కడుపు పాడైంది. భార్యాభర్తలిద్దరూ చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా జంతువుల ఆసుపత్రికి పరుగెత్తారు.

"మామూలు పాలు పట్టారా?" అంది డాక్టరమ్మ.

"కొంచెమే అండీ."

"అందరూ చేసే పనే. అందుకే దొరికిన పిల్లిపిల్లల్లో సగం కడుపు పాడయ్యే పోతాయి. దీనికి మూడు వారాలుంటాయేమో. పిల్లులకి వేరే పాలపొడి ఉంది, అదే పట్టాలి. మూడు గంటలకోసారి, బోర్లా ఉంచి, డ్రాపరుతో. వెల్లకిలా పడుకోబెట్టి పడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆకలికంటే ముందు చలి చంపుతుంది, వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. పట్టాక తడి దూదితో కింద తుడవాలి, లేకపోతే దానంతటది ఒంటికి కూడా వెళ్ళలేదు."

భర్త తన షాపు చీటీ వెనకాల ఇదంతా పొల్లు పోకుండా రాసుకున్నాడు. ఇంటికొచ్చాక పాలు కలిపేది అతను, పట్టేది ఆమె. అతను ఒక్క చెంచా పొడిని మూడుసార్లు కొలుస్తుంటే, "మీరు భయపడకు," అంది.

"నాకా, దానికా చెప్పింది?"

"మీ ఇద్దరికీ," అంది.

పగలు ఒక అట్టపెట్టెలో పదిహేడుని డిపోకి తీసుకొచ్చి కౌంటరు బల్ల కింద పెట్టుకునేది. సొంతదారులు వస్తారన్న ఆశ ఎవరికీ లేదు. చివరి రోజున కంగారుపడే బదులు ఇప్పటినుంచే ఒక ఇల్లు చూసి ఉంచమన్నారు పెద్దసారు. డిపో బోర్డు మీదా, భర్త పనిచేసే కళ్ళద్దాల షాపులోనూ కాగితాలు అంటించారు. "పిల్లిపిల్లకి ఇల్లు కావాలి. వచ్చి మాట్లాడండి."

వచ్చారు. మాట్లాడారు.

ఆ కౌంటరులో ఏ వస్తువుని వెనక్కి ఇవ్వాలన్నా కొన్ని ప్రశ్నలు అడగడం ఆనవాయితీ. ఎక్కడ పోయింది, ఎప్పుడు పోయింది, లోపల ఏముంది. ఆ అలవాటు కొద్దీ ఆమె పదిహేడు కోసం కొత్తగా మూడు ప్రశ్నలు తయారుచేసుకుంది. పగలంతా ఇంట్లో ఎవరుంటారు? ఊరెళితే ఎవరు చూస్తారు? జబ్బు చేస్తే ఎక్కడికి తీసుకెళతారు?

మొదట ఒక గోడౌను యజమాని వచ్చాడు. "ఎలుకలు ఎక్కువయ్యాయమ్మా. తిండి పెట్టకపోతేనే పిల్లి పని చేస్తుంది."

"జబ్బు చేస్తే?"

"ఇంకోటి తెచ్చుకుంటా. బోలెడున్నాయిగా."

"కుదరదు బాబాయిగారూ."

"పిల్లిపిల్లకి ఇన్ని ఆరాలా? మా అమ్మాయి పెళ్ళికి కూడా నేనిన్ని అడగలేదు!"

"అడగాల్సింది బాబాయిగారూ," అంది ఆమె, ఎంతో మర్యాదగా.

తర్వాత ఒక తల్లి వచ్చింది. కూతురి పుట్టినరోజుకి ఇవ్వాలట. "వారం రోజులు చూస్తాం. పాప ఆడుకుంటే ఉంచుకుంటాం, లేకపోతే తెచ్చిచ్చేస్తాం. మార్చుకునే వీలుంటుంది కదా?"

"ఇది గౌను కాదండీ," అని మాత్రం అనగలిగింది కౌంటరు అమ్మాయి.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, చెప్పులు విప్పకుండానే ప్రకటించింది. "ఎవరికీ ఇవ్వను. మనమే పెంచుకుందాం."

భర్త పాలపొడి కలుపుతున్నాడు. తల ఎత్తలేదు. "పగలంతా ఇంట్లో ఎవరుంటారు?"

ఇద్దరూ పొద్దున్న ఎనిమిదికి తాళం వేస్తే మళ్ళీ తీసేది సాయంత్రం ఆరున్నరకి. నాలుగో అంతస్తు, బాల్కనీకి వెడల్పు ఊచలు. పెద్దసారు దయవల్ల ఈ నెల అట్టపెట్టె బల్ల కింద ఉంటోంది. రేపు అది గెంతడం నేర్చుకుంటే?

"ఊరెళితే ఎవరు చూస్తారు?"

"చాలు."

"మనం కూడా గోడౌను బాబాయి పక్కనే నిలబడాలి కాబోలు," అన్నాడు అతను మెల్లగా.

"మీరు చాలా చెడ్డవాడివి," అని ఆమె ఏడ్చింది. అతను ఆమె కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. ఈసారి సున్నం మాట ఎత్తలేదు.

గురువారం పొద్దున పదిహేడు పాలు తాగలేదు. డ్రాపరు నోటిలో పెడితే పెదవి పక్కనుంచి జారిపోయాయి. అరుపు కూడా ఆగిపోయింది. అరిచే పిల్ల కంటే అరవని పిల్లే ఎక్కువ భయపెడుతుందని ఆమెకి అప్పుడే తెలిసింది. ఫోన్లో డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. "పొడిపాలతో కొన్ని నిలబడతాయి, కొన్ని నిలబడవు. మధ్యాహ్నం తీసుకురండి, సెలైన్ పెట్టి చూస్తాను. తల్లి దొరికి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు."

పదకొండు గంటలకి నీలం తలుపు దగ్గర ఒకావిడ నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి. మెడలో కొలతల టేపు వేలాడుతోంది, తీయడం మరిచిపోయినట్టుంది. లోపలికి రావాలా వద్దా అన్నట్టు గడప మీద కాలు పెట్టి తీసింది.

"రండమ్మా. ఏం పోయింది?"

"సంచి... ఒక గుడ్డసంచి. బూడిదరంగుది."

కౌంటరు అమ్మాయి చేతిలోని పెన్ను ఆగింది. "ఏ బస్సులో?"

"పదకొండు. సోమవారం."

"ఎక్కడ పెట్టారు?"

"వెనకాల. సీటు కింద."

"సంచిలో ఏముంది?"

"ఏమీ లేదు," అందావిడ వెంటనే. తర్వాత, "ఒక పాత తువ్వాలు," అంది.

అమ్మాయికి లోపల ఏదో భగ్గున మండింది. నాలుగు రోజులుగా ఈ మనిషి కనబడితే ఏమేం అడగాలో మనసులో రాసి పెట్టుకుంది. గుండె లేదా, సిగ్గు లేదా, ఇంకా చాలా ఉన్నాయి. అవన్నీ గొంతు దాకా వచ్చాయి. కానీ నోటి వెంట మాత్రం రోజూ అనే మాటే వచ్చింది.

"లోపల ఏముందో చెప్పగలిగినవాళ్ళకే ఇస్తామమ్మా. ఏమీ లేదంటే ఇవ్వలేను."

ఆవిడ టేపు చివరని వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"ఒక చెవి తెల్లగా ఉంటుంది," అందావిడ. "తోక చివర కొంచెం వంకర." అంతవరకే అనగలిగింది. బల్ల అంచు పట్టుకుని, "బతికుందా తల్లీ?" అని అడిగింది.

కౌంటరు అమ్మాయి వంగి అట్టపెట్టెని బల్ల మీద పెట్టింది. ఆవిడ రెండు చేతులతో పదిహేడుని ఎత్తి మెడ దగ్గర పొదువుకుంది.

"దీని తల్లి నాలుగు రోజులుగా ఇల్లంతా వెతుకుతోంది. బట్టల మూటలన్నీ పీకేసింది. తలుపు దగ్గర కూర్చుని అరుస్తుంది. ఒకటి ఇంట్లోనే ఉంది, దానికి పాలిస్తూనే మధ్యలో లేచిపోయి దీన్ని వెతుకుతుంది. నేను కుట్టుమిషను తొక్కలేకపోయాను."

"పాలున్నాయా తల్లికి?" అమ్మాయి కుర్చీలోంచి లేచిపోయింది. "ఇంకా పాలిస్తోందా?"

"ఇస్తోంది."

తిట్లన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి. డ్రాయరు లాగి ఫారం తీసింది. "సంతకం పెట్టండి, త్వరగా. పెట్టగానే బయల్దేరదాం."

ఆవిడ ఫారం మీదికి వంగింది. చివర్లో ఒకే ఒక్క వాక్యం అచ్చు వేసి ఉంది. "పై వస్తువు నాదేనని, ఇకపై దాని బాధ్యత నాదేనని ఒప్పుకుంటున్నాను." ఆవిడ పెన్ను పట్టుకుని ఆగిపోయింది.

"నాదే అని రాస్తే కేసు పెడతారా?"

మాటలు విని పెద్దసారు గుమ్మంలోకి వచ్చారు. జరిగింది అడిగి తెలుసుకున్నారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు, అప్పుడూ పెంచలేదు.

"ఎందుకు వదిలేశారమ్మా?"

"కుట్టుపని సార్. షాపుల నుంచి బట్టలు తెచ్చి కుట్టి ఇస్తాను. పిల్లులు పెరిగితే గోళ్ళతో దారాలు లాగేస్తాయి. చెత్తకుప్పలో పడేయడానికి చేతులు రాలేదు. బస్సులో అయితే రోజూ అంతమంది ఎక్కుతారు కదా, ఎవరో ఒకరు తీసుకుంటారని."

"నేనీ గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఉన్నాను. వీధిలో పంపు కారుతుంటే ఎవరో ఒకరు కట్టేస్తారంటాం. రోడ్డు మీద గాజుపెంకు ఉంటే ఎవరో ఒకరు తీస్తారంటాం. ఆ ఎవరో ఒకరు అనే మనిషి ఈ కౌంటరుకి ఒక్క రోజు కూడా రాలేదమ్మా. ఇక్కడికి వచ్చినవాళ్ళందరికీ ఒక పేరుంది, ఒక సంతకం ఉంది. సీటు కింద వంగి సంచి తీసింది ఒక కండక్టరు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నాలుగు రోజులుగా నిద్ర మానుకున్నది ఈ అమ్మాయి, దీనికి పెళ్ళయి రెండు నెలలు కూడా కాలేదు. మీరు దించుకున్న బరువు గాలిలో కలిసిపోలేదు. వీళ్ళ చేతుల్లోకి వచ్చింది."

ఆవిడ తల వంచుకుంది.

"కేసు ఏమీ లేదు. ఎవరూ అడగకుండానే వెతుక్కుంటూ వచ్చారు, అది చాలామంది చేయరు. సంతకం పెట్టండి."

ఆవిడ పెట్టింది. పేరంతా, ఇంటి నంబరుతో సహా.

ఒక్కటే బస్సు, ఆరు స్టాపులు. కుట్టుపని ఆవిడది వీధి చివర ఒకే గది ఇల్లు. కిటికీ పక్కన మిషను, దాని చుట్టూ రంగురంగుల గుడ్డముక్కలు, గోడకి తగిలించిన సగం కుట్టిన చొక్కాలు. తలుపు తీయగానే బూడిదరంగు తల్లిపిల్లి మిషను కింద నుంచి దూసుకొచ్చింది. ఆవిడ పదిహేడుని నేల మీద పెట్టింది.

తల్లి వాసన చూసింది. వెనక్కి తగ్గింది. పాలపొడి వాసనో, డిపోలోని టైర్ల వాసనో, ఏదో తేడాగా ఉంది దానికి. తల్లి మళ్ళీ దగ్గరికొచ్చి తెల్లచెవి నాకింది. ఒకసారి నాకాక ఇంక ఆగలేదు. నాలుక దెబ్బకి పిల్ల రెండుసార్లు దొర్లిపోయింది. మెడ పట్టి ఎత్తుకుని, ముక్కల బుట్టలోకి తీసుకెళ్ళి, పడుకుంది. కాసేపటికి పదిహేడు తల కదలడం మొదలైంది. ముందు పంజాలు రెండూ తల్లి పొట్టని ఒక్కొక్కటిగా నొక్కుతున్నాయి. తాగుతోంది.

కౌంటరు అమ్మాయి నేల మీదే చతికిలబడి భర్తకి ఫోను చేసింది. "మీరు విన్నావా? ఇదిగో, ఫోను దగ్గర పెడుతున్నా, వినండి. గుర్రుమంటోంది!"

"దాని తల్లా, నువ్వా?" అన్నాడు అతను. తర్వాత అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. ఈసారి అతను తన కళ్ళే తుడుచుకుంటున్నాడని ఆమెకి తెలుసు.

సంగతి ఫోనులో విని మధ్యాహ్నం డాక్టరమ్మే స్వయంగా వచ్చి చూసింది. నిలబడుతుందంది. తర్వాత కుట్టుపని ఆవిడతో కూర్చుని ఏడాదికి ఎన్ని ఈతలు, ఎన్ని పిల్లలు అని అడిగింది. ఆవిడ వేళ్ళు మడిచింది. ఈ ఏడాదిలోనే రెండు ఈతలు, ఐదు పిల్లలు.

"మిగతా మూడు?" అంది కౌంటరు అమ్మాయి.

"ఒకటి పుట్టగానే పోయింది. రెండు బస్సుల్లో వదిలాను." ఆవిడ టేపు మెడలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మంచి ఇళ్ళకే చేరాయని అనుకునేదాన్ని. అనుకోకపోతే నిద్ర పట్టేది కాదు."

ఒకదాన్ని కాలేజీ పిల్లలు తీసుకెళ్ళారని కౌంటరు అమ్మాయి చెప్పింది. రెండోదాని సంగతి అడగొద్దని కండక్టరు అన్న మాట కూడా దాచలేదు. అబద్ధం చెబితే ఆవిడకి హాయిగా ఉండేదే. కానీ ఇన్నాళ్ళూ అలాంటి హాయి మీదే సంచులు బస్సెక్కాయి.

"పిల్లలు పాలు మానేశాక తల్లికి ఆపరేషను చేయిద్దాం," అంది డాక్టరమ్మ. "ఒక్కరోజు పని. ఇక ఈతలుండవు."

"దాని పాపం మనకి తగలదూ? పిల్లల్లేకుండా చేస్తే?"

"నాలుగు రోజులు తలుపు దగ్గర కూర్చుని ఏడ్చింది కదండీ, దానికంటేనా?"

ఆవిడ బుట్టకేసి చూసింది. చేయించేద్దామంది.

ఐదు వారాలు గడిచాయి. పదిహేడు పరుగెత్తడం, గెంతడం, సూదుల దిండు మీద కూర్చుని లేచిపోవడం నేర్చుకుంది. చారలు లేని దాని తోబుట్టువుకి డిపోవాళ్ళే పద్దెనిమిది అని పేరు పెట్టారు. కళ్ళద్దాల షాపులో కాగితం చదివి ఇద్దరు వచ్చారు. రిటైరైన డ్రాయింగు మాస్టారు, ఆయన అక్కయ్యగారు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే పేపరు కోసం రోజూ పోట్లాడుకుంటారు. చూడటానికి కుట్టుపని ఆవిడ ఇంటికి వస్తే, కౌంటరు అమ్మాయి, ఆమె భర్త కూడా వెళ్ళారు. అమ్మాయి తన మూడు ప్రశ్నలూ సిద్ధం చేసుకుంది. అడిగే అవకాశం రాలేదు.

"మీ ఇంట్లో గాలికి దానంతటదే మూసుకుపోయే తలుపేదైనా ఉందా?" అంది కుట్టుపని ఆవిడ, కూర్చోమనకముందే.

మాస్టారు అక్కయ్య వైపు చూశారు. "వంటింటిది."

"దానికి అడ్డు పెట్టాలి. తోకలు ఇరుక్కుంటాయి. దారాలు, రబ్బరు బ్యాండ్లు కింద పడేస్తారా?"

"వీడు అన్నీ కింద పడేస్తాడు," అన్నారు అక్కయ్యగారు.

"అక్కా!"

"నిజమే చెప్పాలి కదరా, పరీక్షలో కాపీ కొడతామా?" అక్కయ్యగారు కుట్టుపని ఆవిడ వైపు తిరిగారు. "మరి నేనూ అడుగుతాను. వీటికి దేనికంటే భయం? ఏ వైపు పడుకుంటాయి? రాగానే మంచం కింద దూరితే లాగాలా, వదిలెయ్యాలా?"

కౌంటరు అమ్మాయి భర్త చేతిని గట్టిగా నొక్కింది. ఇన్ని వారాల్లో పిల్లి గురించి ఎదురు ప్రశ్న అడిగిన మొదటి మనుషులు వీళ్ళే.

"ఏదో ఒకటి అనుకున్నాం గానీ, రెండూ ఇవ్వండి," అన్నారు మాస్టారు. "ఒక్కటే అయితే మమ్మల్ని చూస్తూ కూర్చోవాలి. పాపం, మా మొహాలు ఎంతసేపని చూస్తుంది?"

"నీ మొహం అను. నాదేమైంది?" అన్నారు అక్కయ్యగారు.

అయినా కుట్టుపని ఆవిడ ఆ రోజు ఇవ్వలేదు. మూడు సాయంత్రాలు వచ్చి ఆడించమంది. వచ్చారు. నాలుగో రోజు పిల్లలని వాళ్ళ చేతికివ్వకుండా, తనే అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని పదకొండో నంబరు బస్సెక్కింది, పక్కన కౌంటరు అమ్మాయి. మాస్టారింట్లో వంటింటి తలుపుకి చెక్క అడ్డు అప్పటికే పెట్టి ఉంది. పద్దెనిమిది వెంటనే బల్ల కింద దూరింది. పదిహేడు గదంతా వాసన చూసి, పేపరు పరిచి ఉన్న చోట సరిగ్గా మధ్యలో కూర్చుంది. అక్కాతమ్ముళ్ళ పోట్లాట ఆ పూటకి తీరిపోయింది. ఎవరూ చదవలేదు.

రెండూ తిండి తిని, ఒళ్ళు నాక్కుని, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేదాకా కుట్టుపని ఆవిడ అక్కడే కూర్చుంది. తల్లిపిల్లి ఆపరేషనుకి డాక్టరమ్మ వచ్చే వారం తేదీ ఖాయం చేసిందని అక్కయ్యగారికి చెప్పింది. పిల్లల్ని చూడటానికి ఎప్పుడు రావచ్చో అడిగింది. ఎప్పుడైనా రమ్మన్నారు, వచ్చేటప్పుడు మాస్టారి చొక్కా గుండీలు కూడా చూడమన్నారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆవిడ వెనక్కి వాలి, చాలా పెద్ద ఊపిరి వదిలింది.

"ఇదివరకు సంచి పెట్టి దిగానంటే, బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి దాన్నే చూసేదాన్ని తల్లీ. ఇంటికెళ్ళినా కళ్ళముందు అదే బస్సు. ఇప్పుడు చూడు, వెనక్కి తిరగాలని కూడా అనిపించడం లేదు. ఎక్కడున్నాయో తెలుసుగా."

కౌంటరు అమ్మాయి ఆవిడ భుజానికి తల ఆనించి, కిటికీలోంచి వచ్చే చల్లగాలికి కళ్ళు మూసుకుంది.

పాఠకులారా, ప్రాణమున్నదాన్ని ఇంట్లో ఉంచుకోలేని పరిస్థితి మనలో ఎవరికైనా రావచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ అది ఏ గడప దాటి, ఏ చేతుల్లోకి వెళ్ళి, ఏ గిన్నెలో తింటుందో మన కళ్ళతో చూసేదాకా అది మనదే.